ఒకే ప్రతి ఉన్న కథ

ఏళ్ళ తరబడి నడుస్తున్న ఆన్‌లైన్ ఆటలను గమనించేవాళ్ళకు ఒక ఫిర్యాదు బాగా పరిచయం. ఆట బాగుంది, బొమ్మ బాగుంది, సంగీతం బాగుంది, కథే చెడిపోయింది అంటారు ఆడేవాళ్ళు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, డెస్టినీ 2, ఫైనల్ ఫాంటసీ 14 లాంటి పేరున్న ఆటలన్నీ ఏదో ఒక దశలో ఈ మాట పడ్డవే. దీనికి రెండు వివరణలు చలామణిలో ఉన్నాయి. కంపెనీ రచయితలకు చేతకాలేదనేది ఒకటి. ఆడేవాళ్ళు మొండివాళ్ళు, అడిగింది దొరక్కపోతే గోల చేస్తారనేది రెండోది. రెంటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ నిరాశ ఇంత లోతుగా ఎందుకు దిగుతుందో, ఓ సినిమా బాగాలేనప్పుడు కలగనంత బాధ ఇక్కడ ఎందుకు కలుగుతుందో రెండూ చెప్పవు. ఆన్‌లైన్ ఆటలో కథకు లోకం మొత్తానికీ ఒకే ప్రతి ఉంటుంది. అది కంపెనీ సర్వర్లలో ఉంటుంది. ఆడినవాళ్ళు ఏళ్ళ తరబడి చేసిందంతా దానిలోనే ఉంటుంది. కథను తిరగరాస్తే పాత ప్రతి మిగలదు. నిరాశకు అసలు మూలం అక్కడుందని నా వాదన.

ఈ వాదనకు మొదటి సాక్ష్యం మన చిత్తూరు సీమలోనే ఉంది. పుంగనూరు నుంచి కుప్పం దాకా, అటు సరిహద్దు దాటి తమిళనాడులో వేలూరు, తిరువణ్ణామలై దాకా ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, మామూలుగా 18 రోజులు. అర్జునుడి తపస్సు రోజున నిలువునా పాతిన ఎత్తయిన మానును అర్జున వేషధారి పద్యాలు పాడుకుంటూ మెట్టు మెట్టుగా ఎక్కుతాడు. కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ, పువ్వు, విభూతి కోసం కొంగులు పడతారు. చివరి రోజున మట్టితో చేసిన దుర్యోధనుడు నేలమీద పడుకుని ఉంటాడు, భీముడు తొడ మీద కొడతాడు, ద్రౌపది జడ ముడుచుకుంటుంది, ఆపైన మొక్కుకున్నవాళ్ళు నిప్పుల గుండం తొక్కుతారు. ఇక్కడ చూసేవాళ్ళు వట్టి ప్రేక్షకులు కారు. మట్టి తెచ్చేది, ఉపవాసం ఉండేది, నిప్పు తొక్కేది వాళ్ళే. కథలో చెయ్యి పెట్టడమన్నది ఆన్‌లైన్ ఆటలు కనిపెట్టిన సంగతేమీ కాదు.

ఈ భారతంలో ఏటేటా అభిమన్యుడు చనిపోతాడు, కర్ణుడు చనిపోతాడు, ఉపపాండవులు చనిపోతారు. కథ చెడగొట్టారని ఎవరూ అనరు, ఏడుస్తారు. కాబట్టి ఇష్టమైన పాత్ర చావడం, ముగింపు విషాదం కావడం నిరాశకు కారణాలు కావు. మార్పు కూడా కారణం కాదు. హాస్యగాడు ఊళ్ళో నిన్న జరిగిన తగాదాను తెచ్చి కురుసభలో పెడతాడు, భాగవతార్ ఓ ఘట్టాన్ని రాత్రంతా సాగదీస్తాడు, జనం ఒప్పుకుంటారు. ఒప్పుకోవడానికి కారణం ఉంది. ఒక మేళం సరిగా ఆడకపోతే పక్క ఊళ్ళో ఇంకో మేళం ఆడుతుంది. మరుసటి ఏడు కథ మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఇన్ని ప్రతులున్నాయి కాబట్టి ఒకటి చెడినా ఇంకోటి నిలుస్తుంది. ఆన్‌లైన్ ఆటకు ఈ సదుపాయం లేదు. అక్కడ మొదటి రోజు మళ్ళీ రాదు.

బుల్లితెర ధారావాహిక ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. మలయాళ కరుతముత్తు ఆధారంగా స్టార్ మాలో 2017లో మొదలైన కార్తీక దీపం అయిదేళ్ళకు పైగా నడిచింది. 2022లో ప్రధాన పాత్రలైన డాక్టర్ బాబునూ వంటలక్కనూ ప్రమాదంలో చంపేసి, కూతుళ్ళు పెద్దవాళ్ళయిన కాలానికి కథ దూకింది. జనానికి నచ్చలేదు. అదే ఏడాది ఇద్దరినీ బతికించి తెచ్చారు. ఆటల కంపెనీల తరఫున మాట్లాడేవాళ్ళు ఇలాంటి ఉదాహరణే చూపించి, జనం మాట వింటే కథకు వెన్నెముక ఉండదు, చచ్చినవాడు చచ్చినట్టు ఉండడు అంటారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. చావు చూపించి దాన్ని వెనక్కి తీసుకోవడం చావు కన్నా పెద్ద తప్పు, ఎందుకంటే జనం అప్పటికే కార్చిన కన్నీళ్ళకు విలువ లేకుండా చేస్తుంది. నా అభిప్రాయంలో ఆ ధారావాహిక రెండోసారి చేసిన పని మొదటిదానికన్నా బలహీనమైంది. అయినా చూసేవాళ్ళకు ఒక దారి మిగిలింది. పాత భాగాలు ఎక్కడికీ పోలేదు, నచ్చిన చోట మళ్ళీ చూసుకోవచ్చు, నచ్చని చోట ఆపేయొచ్చు. ఆటలో అదీ కుదరదు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ చరిత్ర ఈ చర్చకు పాఠ్యపుస్తకం లాంటిది. బ్లిజార్డ్ కంపెనీ 1994లో మొదలుపెట్టిన వార్‌క్రాఫ్ట్ కథల మీద కట్టిన ఆ ఆట 2004 నవంబర్‌లో వచ్చింది. నెలనెలా చందా కట్టి ఆడేవాళ్ళు 2010 నాటికి 1.2 కోట్లకు చేరారు. ఆ ఏడాది డిసెంబర్‌లో కాటక్లిజం అనే విస్తరణతో, అంటే ఆటకు అదనంగా చేర్చిన కొత్త భాగంతో, ఓ మహానాగం ఆ లోకాన్ని చీల్చిందని కథ చెప్పి, ఆరేళ్ళుగా జనం తిరిగిన ఊళ్ళనూ అడవులనూ కొత్తగా గీశారు. కథగా అది సాహసమే. కానీ ఆ రోజుతో పాత లోకం సర్వర్ల మీద నుంచి పోయింది. దాన్ని మళ్ళీ చూడాలంటే అప్పట్లో సక్రమమైన దారే లేదు. కొందరు అభిమానులు నోస్టాల్రియస్ అనే అనధికార సర్వర్ పెట్టి పాత ఆటను నడిపారు. బ్లిజార్డ్ నోటీసుతో 2016 ఏప్రిల్‌లో అది మూతపడింది. అప్పుడు రెండు లక్షల మందికి పైగా సంతకాలు పెట్టి పాత ఆట కావాలని అడిగారు. మీకది నిజంగా అక్కర్లేదని అంతకు ముందు చెప్పిన కంపెనీయే 2019 ఆగస్టులో క్లాసిక్ పేరుతో 2006 నాటి రూపాన్ని తిరిగి తెచ్చింది. ఈ నిరాశ కొత్త కథ మీద ద్వేషం మాత్రమే అయితే జనం కొత్త కథను మార్చమని అడిగి ఉండాలి. వాళ్ళు పాత ప్రతిని అడిగారు.

కథ మీద అసలు కోపం 2018 నుంచి 2022 దాకా ముదిరింది. బాటిల్ ఫర్ అజెరోత్ విస్తరణకు ముందు హోర్డ్ పక్షం నాయకురాలు సిల్వానస్, శత్రుపక్షంలోని నైట్ ఎల్ఫులనే జాతి నివాసమైన టెల్‌డ్రాసిల్ మహావృక్షాన్ని జనంతో సహా తగలబెట్టించింది. నైట్ ఎల్ఫులుగా ఆడేవాళ్ళకు ఇల్లు పోయింది. హోర్డ్ పక్షాన ఆడేవాళ్ళ బాధ ఇంకోరకం. చెట్టు దాకా జరిగిన దండయాత్రలో వాళ్ళు నడిచారు, ఆ పనుల్లో చెయ్యి పెట్టారు, ఆఖరి ఆజ్ఞను ఆపే వీలు మాత్రం వాళ్ళకు లేదు. భారతంలో లక్క ఇంటికి నిప్పు పెట్టే కుట్రను చూసినవాడు చూసినవాడుగానే ఉంటాడు. ఇక్కడ కాగడా పట్టిన సైన్యంలో తానూ ఉన్నాడు, కాదనే అవకాశం లేదు. తర్వాత సిల్వానస్ పక్షమో, ఆమెను ఎదిరించిన ముసలి యోధుడు సార్‌ఫాంగ్ పక్షమో ఎంచుకోమన్నారు. ఏది ఎంచుకున్నా కథ ఒకే చోటికి చేరింది. లేని స్వేచ్ఛను ఉన్నట్టు చూపడం స్వేచ్ఛ లేకపోవడం కన్నా చేదు.

2020 నవంబర్‌లో వచ్చిన షాడోలాండ్స్ విస్తరణ ఇంకో మెట్టు దిగింది. 2002 నాటి మూడో వార్‌క్రాఫ్ట్‌లో ఆర్థస్ అనే యువరాజు తన జనాన్ని కాపాడుకోవాలనే మూర్ఖపు పట్టుదలతో శాపగ్రస్తమైన ఖడ్గాన్ని తెలిసి తెలిసి చేతికి తీసుకుంటాడు, కన్నతండ్రినే పొడుస్తాడు. ఆ తప్పు తనది కాబట్టే ఆ పాత్ర అంత పెద్దదయింది. 2008లో అతణ్ణి ఎదిరించే విస్తరణ వస్తే జనం విరగబడి ఆడారు. షాడోలాండ్స్ వచ్చి, ఆ ఖడ్గం, ఆ శిరస్త్రాణం మృత్యులోకంలో జైలర్ అనే కొత్త ప్రతినాయకుడి పన్నాగంలో భాగంగా తయారయ్యాయని చెప్పింది. సిల్వానస్ చెట్టు తగలబెట్టడమూ అతని పథకంలోకే చేరింది. ఆఖరున ఆర్థస్ ఆత్మ చిన్న వెలుగు తునకగా కనిపించి ఆరిపోయింది. ధృతరాష్ట్రుడి పుత్రమోహం, శకుని పాచికలు, ద్రౌపది అవమానం అన్నీ ఎవడో కొత్త రాక్షసుడు తెర వెనక నుంచి ఆడించినవేనని 17వ రోజున ప్రకటిస్తే భారతంలో ఏం మిగులుతుంది? ముందు జరగబోయేదాన్ని రచయిత ఎలాగైనా రాసుకోవచ్చు. జరిగిపోయినదాని అర్థాన్ని మార్చినప్పుడు, ఆడినవాడు ఎన్నో ఏళ్ళ కింద చేసిన పని కూడా మారిపోతుంది. అతను ఓడించింది తప్పుదోవ పట్టిన మనిషిని కాదు, ఓ కీలుబొమ్మను అని కంపెనీ ఇప్పుడొచ్చి చెబుతోంది.

అరిచేది కొద్దిమందేనని, కోట్ల మంది నోరెత్తకుండా ఆడుకుంటున్నారని ఒక అభ్యంతరం ఉంది. అంకెలతో దీన్ని తేల్చడం కష్టం. వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రేనార్ అనే విస్తరణ 2014 చివర వచ్చినప్పుడు చందాదారులు కోటి దాటారు, 2015 మధ్యకల్లా 56 లక్షలకు పడిపోయారు. అది సమాంతర కాలంలోకి వెళ్ళిన కథ కాబట్టి పతనానికి కథే కారణమని చెప్పడం సులువు. కానీ ఆ విస్తరణలో చేయడానికి పనే తక్కువైందన్న ఫిర్యాదు అంతకన్నా బలంగా ఉండింది. ఆ ఏడాది చివరి నుంచి కంపెనీ చందాదారుల లెక్క చెప్పడమే మానేసింది. కాబట్టి కథ చెడితే జనం పోతారని అంకెలతో రుజువు చేయలేం. కంపెనీల నడవడి మాత్రం రుజువే. కథను మొదట్లో తీర్చిదిద్దినవాళ్ళలో ఒకడు, 2016లో ఉద్యోగం విరమించుకున్న క్రిస్ మెట్‌జెన్‌ను బ్లిజార్డ్ 2022 చివర్లో మళ్ళీ పిలిచింది. మరుసటి ఏడాది, మూడు విస్తరణల మీద నడిచే ఒకే పెద్ద కథను అతని చేతనే ప్రకటింపజేసింది. కొద్దిమంది గోలకు ఏ కంపెనీ అంత దూరం పోదు.

డెస్టినీ 2 సంగతి ఇంకా స్పష్టం. 2017లో వచ్చిన ఆ ఆట నుంచి 2020 నవంబర్‌లో, ఆట బరువు పెరిగిపోయిందన్న కారణంతో, తొలి కథ రెడ్ వార్‌తో సహా చాలా భాగాలను బంగీ కంపెనీ తీసేసింది. 2022లో ఫర్‌సేకెన్ కథ కూడా పోయింది. జనం డబ్బిచ్చి కొన్న కథలవి. ఆ తర్వాత చేరినవాడికి పుస్తకం మధ్య నుంచి తెరిచి ఇచ్చినట్టయింది. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు, ఎవరు చనిపోతే ఎందుకు ఏడవాలో తెలియదు. 2023లో లైట్‌ఫాల్ విస్తరణ వచ్చి, కథకు కేంద్రమైన వస్తువేమిటో కూడా వివరించకుండా ముగిసినప్పుడు ఆగ్రహం పెల్లుబికింది. ఒకే ప్రతి ఉండటంలోని ప్రమాదం కోర్టులో బయటపడింది. రెడ్ వార్ కథ తన రచనకు నకలని ఒకరు అమెరికాలో దావా వేస్తే, ఆ కథను ఇప్పుడు నడిపి చూపే వీలు కంపెనీకే లేకపోయింది. ఆడినవాళ్ళు ఎప్పుడో యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలను సాక్ష్యంగా ఇచ్చింది. బయటివాళ్ళు పెట్టిన వాటి ఆధారంగా కేసు కొట్టేయడానికి లూసియానాలోని ఫెడరల్ కోర్టు 2025లో ఒప్పుకోలేదు. తన కథను తానే తిరిగి చూపించలేని రచయిత సాహిత్య చరిత్రలో బహు అరుదు.

పాతదంటే మోజే తప్ప ఈ నిరాశలో ఏమీ లేదని, ఇరవై ఏళ్ళ వయసులో ఆడినది నలభైలో మళ్ళీ అంత రుచించదని మరికొందరి వాదన. అదే నిజమైతే పాతబడ్డ ఏ ఆట కథా మెప్పు పొందకూడదు. అదే డెస్టినీ మొదటి ఆట నుంచి నడిచిన పదేళ్ళ కథను 2024 జూన్‌లో ది ఫైనల్ షేప్ విస్తరణతో ముగిస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు. ఫైనల్ ఫాంటసీ 14 అంతకన్నా మంచి ఉదాహరణ. 2010లో వచ్చిన దాని మొదటి రూపం ఘోరంగా విఫలమైంది. పగ్గాలు చేపట్టిన నవోకి యోషిదా దాన్ని గుట్టుగా పూడ్చిపెట్టలేదు. 2012 నవంబర్‌లో ఆకాశం నుంచి ప్రళయం దిగి ఆ లోకం నాశనమైనట్టు కథలోనే చూపించి సర్వర్లు ఆపాడు. 2013లో కొత్త ఆటను ఆ ప్రళయం తర్వాతి లోకంగా మొదలుపెట్టాడు. పాత ఆటగాళ్ళ పాత్రలకు ప్రత్యేకమైన పచ్చబొట్టు ఇచ్చారు, కథలోని మనుషులు కొందరు వాళ్ళను గుర్తుపట్టారు. వైఫల్యాన్ని కూడా జరిగిన చరిత్రగా ఒప్పుకున్నందుకు జనం ఆ రచయితలను నమ్మారు. ఆ నమ్మకం 2021 చివర్లో ఎండ్‌వాకర్ విస్తరణ దాకా నిలిచింది. సర్వర్లు తట్టుకోలేక కొన్ని వారాలు ఆట అమ్మకాలే ఆపాల్సి వచ్చింది.

అయితే నా వాదనకు అడ్డం వచ్చే ఉదాహరణ కూడా ఆ ఆటలోనే ఉంది. 2024 జూలైలో వచ్చిన డాన్‌ట్రెయిల్ విస్తరణ పాత కథలో దేన్నీ చెరపలేదు, దేనికీ అర్థం మార్చలేదు. అయినా చాలామందికి నచ్చలేదు. వుక్ లమాట్ అనే యువతి సింహాసనం దక్కించుకోవడమే అందులో ప్రధానం, పదేళ్ళుగా లోకాన్ని కాపాడిన ఆటగాడు ఆమె వెనక తలూపుతూ నడిచే తోడయ్యాడు. అంటే అన్ని నిరాశలూ ఒక మూలం నుంచి రావని ఒప్పుకోవాలి. కానీ దీని స్వభావం వేరు. ఇక్కడ ఆటగాడికి ఈ ఏటి కథ రుచించలేదు, నిన్నటి కథ చెక్కుచెదరకుండా ఉంది. అందుకే ఆ అసంతృప్తిలో షాడోలాండ్స్ నాటి మోసపోయామన్న భావన లేదు. తర్వాతి విస్తరణలో సరిదిద్దుకోగలిగిన లోపం అది. చెరిగిపోయిన గతాన్ని అలా సరిదిద్దలేం.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మన సాహిత్యం నుంచే రావచ్చు. నన్నయ వ్యాసుణ్ణి ఉన్నదున్నట్టు అనువదించలేదు, రామాయణాన్ని ప్రతి తరమూ తనకు తోచినట్టు చెప్పుకుంది, రంగనాయకమ్మ విషవృక్షమనే అంది, మరి ఆటల రచయితలకు ఆ హక్కు ఎందుకు లేదు? ఉంది, సంపూర్ణంగా ఉంది. నన్నయ రాశాడని వ్యాసభారతం మాయం కాలేదు. రంగనాయకమ్మ పుస్తకం చదివినవాడు వాల్మీకిని తెరిచి పక్కన పెట్టుకుని ఎవరిది న్యాయమో తేల్చుకోవచ్చు. పునఃకథనం గౌరవం పొందేది మూలం నిలిచి ఉన్నందువల్లే. ఆన్‌లైన్ ఆటలో కొత్త ముక్క రాగానే పాత ముక్క మీద గీత పడుతుంది. తిరగరాసే హక్కుకూ, చెరిపే అధికారానికీ ఉన్న తేడా ఇది. కంపెనీలు మొదటిదాని పేరు చెప్పి రెండోది వాడుకుంటున్నాయి.

మన వైపు కుర్రాళ్ళ ఫోన్లలో ఉండేవి ఎక్కువగా కథ పలచగా ఉండే ఆటలు కాబట్టి ఈ గొడవ మనది కాదనుకోవచ్చు. పబ్‌జీ అనుభవం చూస్తే అలా అనిపించదు. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం దాన్ని నిషేధించింది. 2021 జూలైలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాగా తిరిగొచ్చినప్పుడు, పాత ఖాతాలో సంపాదించిన బట్టలూ బిరుదులూ కొత్తదానిలోకి తెచ్చుకునే వీలు ఆ సంవత్సరాంతం దాకా ఇచ్చారు. కథే లేదనుకునే ఆటలో కూడా తమ గతాన్ని వెంట తెచ్చుకోవడం జనానికి ముఖ్యమని ఆ ఆట నడిపే కంపెనీకి తెలుసు. 2022లో ఆ ఆట కూడా పది నెలల పాటు యాప్ దుకాణాల నుంచి మాయమైంది. ఎన్నేళ్ళ ఆటయినా ఒక్క ఉత్తర్వుతో, ఒక్క బోర్డు నిర్ణయంతో లేకుండా పోతుందని మదనపల్లె పిల్లవాడికి కూడా అనుభవమే.

ఐరోపాలో దీని మీద పోరాటం మొదలైంది. యూబిసాఫ్ట్ కంపెనీ ది క్రూ అనే కార్ల ఆటను 2024 మార్చి 31న పూర్తిగా ఆపేసి, డబ్బిచ్చి కొన్నవాళ్ళకు కూడా అందకుండా చేసింది. దానితో స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం లేచింది. ఆట ఆపినా ఆడుకునే దారి మిగల్చాలని కోరుతూ ఐరోపా సంఘానికి పెట్టిన వినతికి 2025 జూలై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. మన దేశంలో 2025లో ఆన్‌లైన్ ఆటల చట్టం వచ్చింది గానీ దాని ప్రధాన దృష్టి డబ్బు పందేల మీదే. కొన్న కథను దాచుకునే హక్కు గురించి ఇక్కడ ఇంకా పెద్దగా ఎవరూ అడగడం లేదు. అడగాలి. పురాణాలతో ఆటలు చేయాలని ఉబలాటపడే తెలుగు యువకులు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ చాలామంది ఉన్నారు. వాళ్ళకు నా విన్నపం ఒక్కటే. కథను మీ ఇష్టం వచ్చినట్టు నడపండి, ఎవరిని చంపాలనిపిస్తే వాళ్ళను చంపండి. కానీ మొదటి విడత విడుదల చేసే రోజునే, పదేళ్ళ తర్వాత చేరేవాడు కూడా దాన్ని మొదటి నుంచి ఆడుకునేలా ఒక ప్రతిని విడిగా భద్రపరచండి.